రసాల టీం పెట్టిందెవరు

మామిడి సీజన్ అయిపోయి లారీలు వెళ్ళిపోయాక నూజివీడు మార్కెట్టు వెనక మైదానాన్ని చూడటం పుష్పవతికి ఎప్పుడూ ఇష్టమే. ఈ యేడు మాత్రం అడుగు పెట్టగానే ఒళ్ళు మండిపోయింది. గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో ఆవిడ మామగారు, కీర్తిశేషులు దశరథరామయ్య గారు, చంకలో ఫుట్‌బాల్ పెట్టుకుని నవ్వుతున్నారు. కింద పెద్ద అక్షరాలతో 'రసాల టీం వ్యవస్థాపకులు, స్వర్ణోత్సవ శుభాకాంక్షలు'. ఆయన బతికుండగా నవ్విన ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి తెచ్చి అతికించారో ఫ్లెక్సీ షాపువాడికే తెలియాలి. ఇక ఆ బంతి సంగతి అడక్కండి.

రసాల టీం అనే ఆ ఫుట్‌బాల్ క్లబ్బుకు రాతకోతలేమీ లేవు. ఉన్నదల్లా ఒక ఆనవాయితీ. తొలకరి పడ్డాక ఆటగాళ్ళంతా వరసగా వంగి నడుస్తూ, మైదానంలో మిగిలిన గడ్డీ, టెంకలూ, మామిడి పెట్టెల మేకులూ ఏరేస్తారు. ఆ తరవాత అందరినీ కూర్చోబెట్టి ఎవరో ఒక పెద్దమనిషి క్లబ్బు కథ చెబుతాడు. కథ అయ్యాక, టీం పెట్టినవాళ్ళ ఇంటి మనిషి మొదటి కిక్ కొట్టాలి. అప్పటిదాకా ఎంతటివాడైనా బంతి జోలికి పోకూడదు.

నోటిమాటగా నడిచే కథ కదా, చెప్పే నోటిని బట్టి ఏటికేడాది బలిసింది. మొదట్లో దశరథరామయ్య గారు ఆటకు అడ్డు చెప్పలేదన్నారు. కొన్నాళ్ళకు తోటలో చోటిచ్చారన్నారు. ఆ తరవాత బంతి కొనిపెట్టారు. ఇప్పుడు ఏకంగా టీమే పెట్టేశారు. కార్బైడ్ వేసి మగ్గేసిన కాయలాగా పైకి పసుపు, లోపలంతా పచ్చి.

ఎవరు పెట్టారో పుష్పవతికి తెలియదూ? కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో కళ్ళారా చూసింది. పెట్టింది ఇస్సాకు. వాళ్ళ తోటలో చెట్టెక్కి కాయలు దింపే మనిషి. చదువుకున్న నాలుగు రోజులూ హాస్టల్లో ఆట నేర్చుకొచ్చి, కోతలయ్యాక కూలీల పిల్లల్ని పోగేసి తోట చివర ఖాళీలో ఆడించాడు. కాయలు కోసే చిక్కాలు అల్లే దారంతోనే అతని భార్య సవరమ్మ గోలుకు వల అల్లింది. పై కొమ్మ మీంచి విసిరిన రసం కాయను దానికి దెబ్బ తగలకుండా పట్టుకున్నవాణ్ణే ఇస్సాకు గోల్‌కీపర్ని చేసేవాడు. ఒక యేడు ఆట పూతకాలం దాకా సాగి, పూత మీదున్న కొమ్మకు బంతి తగిలి నాలుగు రెబ్బలు రాలాయి. అంతే, దశరథరామయ్య గారు ఆ బంతిని కొడవలితో నిలువునా కోయించి, ఇస్సాకును పనిలోంచి తీసేశారు. అతను ఆ చీలిన బంతిలోనే వరిగడ్డి కూరి, కుట్టుకుని, ఈ మైదానానికి వచ్చి ఆడించాడు. క్లబ్బుకు మామగారు చేసిన ఉపకారం అదీ!

ఇస్సాకు ఉన్నన్నాళ్ళూ మొదటి కిక్ అతనిదే. అతను పోయాక ప్రెసిడెంట్లు తమకు తోచిన పెద్దమనుషుల చేత కొట్టించుకున్నారు. ఇప్పటి ప్రెసిడెంటు రాఘవేంద్ర పుష్పవతి మరిది కొడుకే, మామిడి వ్యాపారం. పరుగున ఎదురొచ్చాడు.

"రండి పెద్దమ్మా. ఈసారి కిక్ మీదేనండీ. తాతగారి పెద్దకోడలు మీరేగా."

"మీ తాత బంతి తన్నగా ఎప్పుడు చూశావురా? కోయించగా నేను చూశాను."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ? పోయిన మనిషి గురించి నలుగురూ ఓ మంచిమాట అనుకుంటే మనకేం పోయింది?"

"ఇస్సాకు కూడా పోయిన మనిషేగా. అతని మంచిమాట ఏ ఫ్లెక్సీలో ఉంది?"

రాఘవేంద్ర గొంతు తగ్గించాడు. "ఇంటి పరువు పెద్దమ్మా. ఊరికే కాలు తగిలించండి, చాలు."

ఊరికేనట! పుష్పవతికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ కాలు తగిలిందంటే సొంత ఇంటి మనిషి సాక్ష్యం చెప్పినట్టే. ఇక ఆ మైదానంలో ఇస్సాకు పేరెత్తే దిక్కుండదు. ఆ పేరు చెరిపెయ్యడానికి వీళ్ళకు తన కాలే దొరికింది.

కథ మొదలైంది. రాఘవేంద్ర మైకులో తాతగారి క్రీడాభిమానాన్ని ఆకాశానికెత్తాడు. చప్పట్లు మోగాయి. గోలుపోస్టు పక్కన సవరమ్మ, మామూలుగానే, ఒక్కతే నిలబడి ఉంది. పుష్పవతి కుర్చీలోంచి లేచి, బంతి దగ్గరికి వెళ్ళి, కిక్ కొట్టకుండా మైకు అడిగి తీసుకుంది.

"మా మామగారు ఈ టీం పెట్టలేదు. బంతిని కొడవలితో కోయించారు. పెట్టింది ఇస్సాకు. తెలియకపోతే తెలుసుకోండి, తెలిసీ అబద్ధమాడితే సిగ్గుపడండి."

రాఘవేంద్ర ముఖం కందగడ్డయింది. పుష్పవతికి ఎన్నేళ్ళుగానో గుండెల మీదున్న బరువు దిగిపోయినట్టయింది. కాస్త గర్వంగా కూడా అనిపించింది.

"రా సవరమ్మా. ఈ కిక్ నీది," అని పిలిచింది.

సవరమ్మ నింపాదిగా నడిచొచ్చింది. బంతి వంక చూడనైనా చూడలేదు.

"ఈ మాటే ఏటా నేను చెప్పానండీ. ముసల్దానికి మతి పోయిందన్నారు. అప్పుడు మీరు ఆ కుర్చీలోనే ఉన్నారు. ఇవాళ మీ నోట్లోంచి వచ్చేసరికి నిజమైపోయిందాండీ?"

ఇన్నేళ్ళూ పుష్పవతి కోపమంతా ఇంట్లోనే, వంటింట్లోనే, తనలో తానే. గట్టిగా ఒక్కరోజు అన్నది లేదు. చాలా సిగ్గేసింది.

"తప్పే సవరమ్మా. ముందు కిక్ కొట్టు."

"మీరు ఇస్తే కొట్టాలా, అది మాదైతేను? ఆ మైకు ఇలా ఇవ్వండి. మీరెళ్ళి కూర్చుని మొదట్నుంచీ వినండి."

పుష్పవతి మైకు ఇచ్చేసింది. కుర్చీల వైపు వెళ్ళబుద్ధి కాక అక్కడే, పిల్లల పక్కన, తడి నేల మీద కూలబడింది. సవరమ్మ మైకును రెండు చేతులా పట్టుకుని ఆటగాళ్ళ వైపు తిరిగింది.

"మా ఆయన పేరు ఇస్సాకు," అంది. "మీరందరూ ఒకసారి పైకి అనండి, వింటాను."