సంచిలోంచి తీసిన దుప్పటి

"పసిపిల్లను పడుకోబెట్టినట్టే పడుకోబెట్టాలమ్మా," అన్నాడు గాలి నింపే తాత, రెండో సిలిండరును కారులోకి జరుపుతూ. "నిలబెడితే పడుతుంది. పడిందంటే కాలో చెయ్యో తీసుకునే పోతుంది."

"మా ఇంట్లో పసిదాన్ని పడుకోబెట్టడమే నా వల్ల కావట్లేదు తాతా," అంది ఆమె. నవ్వింది.

భర్త సముద్రం లోతుల్లోకి మునిగి ఈదడం నేర్పుతాడు. నీళ్ళలో ఊపిరికి వాడే ఈ గాలి సిలిండర్లు రోజూ తనే తెచ్చుకునేవాడు. ఇవాళ పడవ ఇంజను మొరాయించి రేవులో ఇరుక్కున్నాడు. పదింటికి పడవ కదలాలి. ఆమె వెనక సీటు సగం మడిచి, ఆ చదునులో రెండింటినీ కారు పొడవునా పడుకోబెట్టించింది. మిగతా సగంలో ఏడాది పాప, తన చిన్న సీటులో. మధ్య సందులో పాప బట్టల సంచి కూరి బిగించింది.

సగం దారిలో పాప పాలు కక్కింది. కారాపి, సంచిలోంచి దుప్పటీ గౌనూ లాగి, తుడిచి, మార్చి, మళ్ళీ బయల్దేరింది.

రేవుకి దిగే రోడ్డులో మొదటి మలుపు తిరగగానే 'ఠంగ్'మంది.

అద్దంలో చూసింది. దుప్పటి పోయిన సంచి చప్పగా అణిగిపోయింది. దాని మీదుగా దొర్లొచ్చిన పదిహేను కిలోల ఇనుము పాప సీటును ఆనుకుని ఉంది. పాప దాన్ని అరచేత్తో తడుతోంది.

వెనక లారీ. అటు కొండ, ఇటు లోయ. ఆగే చోటు లేదు. రెండో మలుపుకి సిలిండరు వెనక్కి దొర్లింది. మూడో మలుపుకి మళ్ళీ పాప వైపే వస్తుంది.

"చెయ్యి తియ్యి బంగారం, చెయ్యి తియ్యి," అంటూ కారును మనిషి నడక కన్నా నెమ్మది చేసింది. లారీవాడు హారను మీద హారను కొట్టాడు. "కొట్టుకో నాయనా," అని గొణిగింది.

సిలిండరు కదలకుండా మూడో మలుపు దాటాక, రోడ్డు పక్కన కంకర పోసిన జాగా దొరికింది. బండి ఆపి ముందు పాపను తీసింది. పది వేళ్ళూ చూసింది. తర్వాత దుప్పటి కుక్కి సిలిండర్లను బిగించింది. ఇక కదలవు. అయినా పాపను మళ్ళీ అక్కడ కూర్చోబెట్టడానికి చేతులు రాలేదు.

పాపను చంకనేసుకుని, కారుకు తాళం వేసి, రేవుకి నడిచి దిగింది. పది దాటింది.

"సిలిండర్లేవీ?" అన్నాడు భర్త.

"మూడో మలుపు దగ్గర పడుకోబెట్టి వచ్చాను. వెళ్ళి మీరే తెచ్చుకోండి." తాళం అతని చేతిలో పెట్టింది. పాపను మాత్రం దించలేదు.

అతను ఆమెనూ, చంకలో పాపనూ చూసి, పడవలో వాళ్ళను కాసేపు ఆగమని, తాళంతో రోడ్డెక్కాడు.