మంగళవారం నాన్న వంతు

మూడేళ్లుగా ఆఫీసులో నేను తక్కువ గంటల మనిషిని. సాయంత్రం నాలుగు కాగానే లేచి, అందరికీ తల వంచి, క్షమించమంటూ బయటపడతాను, ఏదో దొంగతనం చేసినట్టు. జీతం తగ్గింది, మంచి పనులూ తగ్గాయి. ఏప్రిల్ నుంచి పూర్తి వేళలకు తీసుకుంటానన్నారు మా సెక్షన్ పెద్ద ఉసామి గారు. ఒకటే షరతు: ఇప్పటినుంచే వారానికి రెండు రోజులైనా మా పాప నయోని నర్సరీ నుంచి ఇంకెవరైనా తీసుకురావాలి.

"దానికేం, మంగళ, గురువారాలు నావి" అన్నాడు మా ఆయన కోహెయ్. పక్కింటావిడ విని నీ అదృష్టమే అదృష్టం అంది. నాకు ఒళ్లు మండింది, అయినా నవ్వాను.

మొదటి మంగళవారమే, నేను మీటింగులో ఉండగా నర్సరీ టీచరు ఫోన్ చేసింది.

"నయో అమ్మగారూ, పాపకి జ్వరం వచ్చిందండి. త్వరగా రావాలి."

"ఇవాళ వాళ్ల నాన్న వంతండి. ఆయనకి చెయ్యండి."

"చేశామండి. అమ్మకి చెయ్యమన్నారు."

లేచాను. అందరికీ తల వంచాను. రైల్లో నిలబడే ఏడ్చాను, ఎవరూ చూడనట్టు నటించారు.

భోజనం దగ్గర కోహెయ్‌ని అడిగాను.

"జ్వరమొస్తే దానికి నువ్వే కావాలిగా" అన్నాడు. "అయినా నేను పని మధ్యలో లేచొస్తే మా ఆఫీసువాళ్లేమనుకుంటారు?"

"మరి మావాళ్లు?"

"వాళ్లకి అలవాటేగా."

నిజమే. లేచి కంచాలు తీశాను.

తెల్లారినా నయోకి జ్వరం తగ్గలేదు. ఇవాళ రాలేనని చెప్పడానికి ఉసామి గారికి ఫోన్ చేశాను. గుమ్మం దగ్గర కోహెయ్ కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు.

"పదింటికి కస్టమరు వస్తున్నాడు కదమ్మా" అన్నారు ఉసామి గారు. "పాపను చూసుకోడానికి ఇంట్లో ఇంకెవరూ లేరా?"

ఫోన్లోంచి ఆ మాట కోహెయ్‌కి వినపడింది. బూటు సగంలో చెయ్యి ఆగింది. ఒక్కసారి ఇటు తిరుగుతాడేమోనని చూశాను. నిజంగానే చూశాను. తిరగలేదు.

"ఎవరూ లేరండి" అన్నాను.

"అయితే పూర్తి వేళల సంగతి వచ్చే ఏడాది చూద్దాంలే."

"అలాగేనండి."

కోహెయ్ లేచి, తలుపు తీసి, "వెళ్లొస్తా" అన్నాడు.

"జాగ్రత్తగా వెళ్లిరా" అన్నాను. పెళ్లయిన నాటినుంచి రోజూ అనే మాటే. నోటికి అలవాటు, దానంతటదే అనేసింది.