పడకుండా కట్టేశారు

నేను ఒక నడక బెల్టును. పెద్ద వింతేం కాదు లెండి, నాలుగు వేళ్ల వెడల్పు నూలుపట్టీ, చివర ఓ బకిల్. సంచులు కుట్టే దర్జీ ఒకాయన నన్ను కుట్టి ఆసుపత్రి ఫిజియోథెరపీ గదికి అమ్మాడు. రోగి నడుముకి నన్ను చుట్టి, వెనకనుంచి ఒకరు పట్టుకుని నడిపించాలి. తూలితే ఆపాలి, తూలకపోతే వదులుగా ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం, అది అందరికీ చేతకాదు.

ఫిజియో హెప్సిబా మేడమ్‌కి చేతనయింది. కాకినాడలో బండిమీద ఇడ్లీలు అమ్మే నూకరత్నానికి పక్షవాతంతో ఎడమకాలు పడిపోతే, రోజూ నన్ను కట్టి నడిపించేది. నూకరత్నం కోరిక ఒక్కటే, తన కాళ్లమీద తను బాత్రూమ్‌కి వెళ్లాలి. "మంచమ్మీద ఆ బెడ్‌పాను పళ్లెం పెట్టించుకోవాలంటే సిగ్గుతో సచ్చిపోతన్నానండీ" అనేది. మంచానికీ బాత్రూమ్ తలుపుకీ పదకొండు అడుగులు. మూడో వారానికి తొమ్మిది వేసింది. మధ్యలో రెండుసార్లు మోకాలు మడతపడితే మేడమ్ నన్ను బిగబట్టి ఆపింది, వెంటనే మళ్లీ వదులు చేసింది.

ఇంతలో తల్లికి ఆపరేషనని మేడమ్ సెలవు పెట్టింది. అప్పుడు దాపురించాడు వార్డు సూపర్‌వైజరు సుధీంద్ర. "ఈ నెల కిందపడిన రోగులు: సున్న" అని గోడమీద బోర్డొకటి ఉంది. ఆ సున్నాని చూసుకోనిదే ఆ మహానుభావుడు కాఫీ తాగడు. "పడితే ఎవరిదండీ పూచీ?" అంటూ నూకరత్నాన్ని కుర్చీలో కూలేసి, నన్ను కుర్చీ వెనక్కి తిప్పి బకిల్ బిగించాడు. ఛీ, నా బతుక్కి అదొక్కటే తక్కువైంది.

ఆవిడ గింజుకుంటే, "సేఫ్టీ బెల్టేనమ్మా, కారులో పెట్టుకోరూ?" అన్నాడు. కారు ఎక్కడికో ఒకచోటికి వెళ్తుంది కదయ్యా!

అలా పదహారు రోజులు. పళ్లెం పెట్టడానికి విప్పేవారు, పని కాగానే మళ్లీ కట్టేవారు. మొదట్లో తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత గింజుకోవడమే మానేసింది. తనిఖీకొచ్చిన పెద్దలు సున్నాని మెచ్చుకుంటే సుధీంద్ర జాంగ్రీలు పంచాడు. ఆ పాకం చేతులతోనే వచ్చి నన్ను ఇంకో రంధ్రం బిగించాడు. ఆ జిడ్డు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లంతా అసహ్యం.

మేడమ్ తిరిగొచ్చి చూసింది. బకిల్ విప్పి, నన్ను మళ్లీ నడుముకి చుట్టి, "లేద్దామా రత్నంగారూ? బాత్రూమ్‌కే వెళ్దాం" అంది.

నూకరత్నం రెండు చేతులా కుర్చీని కరుచుకుంది.

"వద్దండీ, పడిపోతాను. ఆ పళ్లెమే తెమ్మనండీ" అంది, తన చేత్తోనే నన్ను కుర్చీ వెనక్కి తోస్తూ.