జెబె వాటా

ముందు జెబె పడిపోయింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది.

నా కుక్కను కొట్టిన తుపాకీ దగ్గర్లోది కాదని తెలియడానికి ఆ ఒక్కటీ చాలు. కశ్కా-సూ లోయకు ఇవతల, ఒక రాతి అంచున జెబె కొండమేక పోతును నిలేసి మొరుగుతోంది. నేను మోసిన్ తుపాకీ వీపున వేసుకుని కింద నుంచి పాకుతూ ఎక్కుతున్నాను. మొరుగుతూ మొరుగుతూనే అది పక్కకు ఒరిగింది. పోతు దూకి పారిపోయింది. అప్పుడు వచ్చింది చప్పుడు, లోయ అవతలి నుంచి, కొరడా ఝళిపించినట్టు సన్నగా. ఎవడో అంత దూరం నుంచి మేకకు గురిపెట్టి నా కుక్కను కొట్టాడు.

లేచి నిలబడి కేకలు వేశాను. నన్ను చూశాడు, చూడకుండా ఉండడు, దుర్బిణి ఉన్నవాడే అంత దూరం కొట్టేది. వాడు వచ్చి, పొరపాటైపోయింది అని ఉంటే నాలుగు తిట్లు తిట్టి, ఏడ్చి, ఊరుకునేవాణ్ణి. ఎవడూ రాలేదు. జెబె పక్కటెముకల అవతల, చర్మం కింద గట్టిగా తగిలిన గుండును కత్తితో తీసి జేబులో వేసుకున్నాను. దాని మీద రాళ్లు పేర్చి ఇంటికొచ్చాను. ఊళ్లో అడిగినవాళ్లకు జెబె పోయిందని మాత్రం చెప్పాను. ఎలా పోయిందో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు కొట్టు ముందు ఇస్మానాలి గొంతు వినబడింది. బయటి దేశాల అతిథులను వేటకు తిప్పేవాడు ఇస్మానాలి. వాడికో జీపు, మెడలో దుర్బిణి, ఆ రెంటికన్నా పెద్ద నోరు. "తొలొముష్ బైకేకి చూపు పోయిందర్రా! తోడేలనుకుని సొంత కుక్కనే కాల్చి పారేశాడు, పాపం!" అంటున్నాడు. తొలొముష్‌ను నేనే, బైకే అంటే మా వైపు అన్న. చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అయ్యో అంటున్నారు.

కాల్చి! కాల్పు సంగతి నాకూ, చచ్చిన కుక్కకూ, కొట్టినవాడికీ తప్ప ఎవరికి తెలుసు?

నేను ఎదురుగా వెళ్లి నిలబడితే, "ఏం బైకే, లోయలో తుపాకీ పట్టుకుని ఉన్నది నువ్వొక్కడివే కదా? ఇంకెవరైనా ఉన్నారా? చూపించు మరి," అన్నాడు పళ్లికిలిస్తూ. నా దగ్గర నలిగిన సీసం ముక్క తప్ప ఏముంది చూపించడానికి? పళ్లు కొరుక్కుని వచ్చేశాను. వాడి అంతు చూడకుండా చావకూడదని మాత్రం ఆ రోజే అనుకున్నాను.

వాడు నా కుక్కను చంపాడు, అది ఒకటి. నా పేరును చంపడం రెండోది. మా వైపు వేటగాడు వేటతో దిగి వస్తుంటే, ఎదురుపడ్డవాళ్లు "షిరాల్గా!" అని కేకేస్తారు. అడిగినవాడికి అక్కడికక్కడే వాటా కోసివ్వాలి. లేదనడానికి వేటగాడికి వీల్లేదు, ఇచ్చింది వద్దనడానికి అడిగినవాడికీ వీల్లేదు. ఊపిరితిత్తులు మాత్రం ఎవరికీ ఇవ్వం, అవి కుక్కవి. పొద్దున ఒక పోతును కొట్టి బయల్దేరితే ఇల్లు చేరేసరికి గుర్రం మీద తల, తోలు, కాస్త మాంసం మిగిలేవి. అలా ఖాళీగా ఇల్లు చేరడమంత గొప్ప నాకు మరొకటి లేదు.

ఆ చలికాలం ఒక పోతును వేసుకుని దిగాను. మంచులో దారి పొడుగునా మనుషులున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఏటా అందరికన్నా ముందు అరిచే పక్కింటి బర్చగుల్ కూడా నన్ను చూసి గబగబా దొడ్లోకి పోయింది.

"ఏమ్మా బర్చగుల్, ఈసారి మాంసం చేదయిందా?" అని గుర్రం ఆపి అడిగాను.

"నీ మాంసానికేం అన్నా! నీ కళ్లకే భయపడుతున్నా. ఇవాళ కుక్కను తోడేలన్నావు, రేపు నా ఆవును కొట్టి కొండమేకంటావు. అప్పుడు నా ఆవు మాంసమే నాకు షిరాల్గా పెడతావా?"

ఊరంతా నవ్వింది. పోతు మొత్తం నా ఇంటికే చేరింది. ఊపిరితిత్తులు కంచె మీద వేలాడదీస్తే కాకులు తిన్నాయి. ఒక్కణ్ణే కూర్చుని ఆ మాంసం తింటుంటే ముద్ద దిగలేదు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

గుండు సంగతికొస్తాను. దాని ముందు భాగం పువ్వులా విచ్చుకుపోయింది గానీ మొదలు చెక్కు చెదరలేదు. కాల్చిన నా మోసిన్ తూటా గొట్టం మూతిలో ఆ మొదలును పెట్టి చూశాను. బిగుసుకోవాల్సింది జారి లోపలికి పడిపోయింది. ఇస్మానాలి అందరి ముందూ వాడే తుపాకీ మూడు వందల ఎనిమిది అనే రకం తూటాది. వాడు ఎక్కడ కాల్చినా గొట్టాలు ఏరుకోడు, ఊరి చుట్టూ దొరుకుతాయి. ఒకటి తెచ్చి చూశాను. అందులోనూ జారి పడింది. అంటే ఈ గుండు రెంటికన్నా సన్నం. సన్నగా, పొడుగ్గా ఉండే గుండును బోలెడు మందు పోసిన పెద్ద గొట్టంలో బిగిస్తారు, దూరం కోసమే. అలాంటి తుపాకీ మా ఊళ్లో ఎవరికీ లేదు. లేదని అనుకుంటున్నాం. వాడి ఇంట్లో ఎక్కడో దాక్కుని ఉంది. దాన్ని వాడి చేత్తోనే, అందరి ముందూ బయటికి తీయించాలి.

వేసవిలో పెద్దాయన జుమాదిల్ అక్సకల్ గుడారంలో పులిసిన గుర్రప్పాలు, కుమిస్, తాగుతుంటే కబుర్లు తూటాల మీదికి మళ్లాయి. మా మగాళ్లకు గుర్రాల తర్వాత అదే గోల. ఆకురాలు కాలంలో మనవడి పెళ్లికి కశ్కా-సూ లోయ మీదుగా గురి పందెం పెడదామని అక్సకల్ అన్నాడు. గెలిచినవాడికి పొట్టేలు.

"అంత దూరానికి నా మూడు వందల ఎనిమిది చాలు. మోసిన్ వాళ్లు ఇంట్లో కూర్చుని ఉన్ని వడుక్కోండి," అన్నాడు ఇస్మానాలి.

"చాలదు నాయనా," అన్నాను మెల్లగా. "దగ్గరికైతే దానికి వంక పెట్టను. మేకైనా తోడేలైనా పడుతుంది, భుజం నొప్పి పుట్టదు. లోయ దాటేసరికి మాత్రం అది అలసిపోతుంది. మధ్యలో ఏటి గాలి పక్కకు నెట్టేస్తుంది. నా మోసిన్ గుండు బరువైంది, ముసలి గుర్రంలా నింపాదిగా పోయినా దారి తప్పదు. నీది ఏట్లో పడుతుంది చూస్కో."

"నువ్వు చెప్పాలి దూరం సంగతి! నీ గురి నీ కుక్క దాకానే కదా, బైకే!"

గుడారం ఘొల్లుమంది. నాకు ఒళ్లు మండిపోయింది. గిన్నె విసిరి కొట్టాలనిపించింది. కొట్టలేదు. "అయితే నీ అతిథులను కూడా పిలువు. ముసలాడి మీద గెలవడం వాళ్లూ చూస్తారు," అన్నాను. అక్కడ చిక్కాడు. అతిథుల ముందు ఓడిపోతే మళ్లీ వాడి జీపు ఎవడెక్కుతాడు?

నేను ఆ వేసవంతా పాత పెట్టెల్లో తూటాలు ఏరాను. ఒక్కోదాన్నీ బల్ల మీద దొర్లించి వంకర ఉన్నవి తీసేశాను. త్రాసులో పెట్టి, బరువులో తేడా ఉన్నవి నక్కల వేటకని పక్కన పెట్టాను. మిగిలినవాటితో ఎదుటి కొండ మీది తెల్లరాయిని కొట్టి కొట్టి గాలి మర్మం పట్టుకున్నాను. గురికి గుర్తు పెట్టే పని నేనే చేస్తానని అక్సకల్‌ను అడిగి ఒప్పించాను. లోయ అవతల చలికాలపు దొడ్డి పక్కన, పొయ్యిలోకి కోసి ఆరబెట్టిన గొర్రెపేడ దిమ్మలను దట్టంగా గోడలా పేర్చి, దాని ముందు తెల్లటి కంబళి కట్టాను. రాతికి తగిలితే గుండు పొడైపోతుంది. పేడ మెత్తగా పట్టుకుని దాచిపెడుతుంది.

పెళ్లి రోజు గాలి లేచింది. నాకు పండగే అయింది. నా వంతు వచ్చాక పడుకుని, ఊపిరి బిగబట్టి, కొట్టాను. కంబళి మూల ఎగిరింది. దుర్బిణి పట్టుకున్న అతిథి చెయ్యెత్తాడు. ఇస్మానాలి తన మూడు వందల ఎనిమిదితో కొట్టాడు. దుమ్ము ఎక్కడో కింద లేచింది. మళ్లీ కొట్టాడు, ఈసారి పక్కన.

"ఇస్మానాలీ, పెళ్లికూతురికి ముందే చెప్పు, ఎటు నిలబడితే క్షేమమో!" అని అరిచింది బర్చగుల్.

వాడి మొహం మాడిపోయింది. అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నేను వాడి పక్కకు వెళ్లి, "చెప్పానా? ఈ దూరం కొట్టే తూటా ఈ కొండల్లో ఎవడికీ లేదులే. బాధపడకు," అన్నాను.

అంతే. వాడు విసవిసా జీపు దగ్గరికి పోయి, వెనక సీటు కింద నుంచి పొడుగాటి సంచి లాగాడు. అందులోంచి తీశాడు, సన్నటి పొడుగాటి గొట్టం ఉన్న తుపాకీ. పడుకుని కాల్చాడు.

ఆ చప్పుడు! కొరడా చప్పుడు. కంబళి నట్టనడుమ చిల్లు పడింది. జనం ఈలలు వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను, అందరికన్నా గట్టిగా.

"శెభాష్! ఏం తూటా నాయనా ఇది?"

"ఏడు మిల్లీమీటర్ల మాగ్నం, బైకే!" అన్నాడు రొమ్ము విరుచుకుని. "ఒక అతిథి కానుక. మూడేళ్లుగా నా దగ్గరే ఉంది. నేను తప్ప ఇంకో మనిషి చెయ్యి దీన్ని తాకలేదు!"

"అందరూ విన్నారా?" అన్నాను. "నేను మళ్లీ అడగను."

వాడు విసిరేసిన తూటా గొట్టాన్ని నేల మీంచి తీసుకున్నాను. కంబళి తేవడానికి గుర్రాలెక్కి లోయ దాటాం, అక్సకల్, ఇస్మానాలి, మిగతా జనం. చిల్లు వెనక పేడ దిమ్మలను విరిచి గుండును బయటికి తీశాను. జేబులోంచి నా గుండునూ తీసి రెంటినీ అక్సకల్ అరచేతిలో పెట్టాను.

"రెండోది జెబె ఒంట్లోంచి తీసింది, తాతా. నువ్వే చూడు."

ఆయన నేనిచ్చిన నా మోసిన్ తూటా గొట్టంలో పెట్టాడు. రెండూ జారి పడ్డాయి. మూడు వందల ఎనిమిది గొట్టంలో పెట్టాడు. జారి పడ్డాయి. ఇంకా మందు వాసన పోని ఇస్మానాలి గొట్టంలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. రెండూ మూతిలో సరిగ్గా ఇమిడి నిలబడ్డాయి. అక్సకల్ గొట్టాన్ని జనంలోకి పంపాడు. అది చేతులు మారుతూ బర్చగుల్ దాకా వచ్చేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేకనే కొట్టాను," అన్నాడు ఇస్మానాలి నేల చూస్తూ. "గాలి... కుక్క అక్కడుందని..."

"ఆ మాట అప్పుడే నా దగ్గరికొచ్చి అనాల్సింది," అన్నాను. "నా కుక్కను నేనే చంపుకున్నానన్నావు. నన్ను గుడ్డివాణ్ణి చేశావు. ఊరి చేత నా మాంసం వెలి వేయించావు."

అక్సకల్ తీర్పు చెప్పాడు. గుర్రం, కోటు తప్పు కట్టాలన్నాడు. ఇలాంటివాటికి మా పెద్దలు వేసే జరిమానా అదే.

"గుర్రం నాకుంది, కోటూ ఉంది," అన్నాను. "నాకు కావలసింది ఒక్కటే. నేను ఈ చలికాలం మొదటి వేటతో దిగి వచ్చే రోజు, వీడు దారి మధ్యలో నిలబడి, అందరూ వినేట్టు, షిరాల్గా అని అడగాలి."

జనం తెల్లబోయారు. బర్చగుల్, "అదేం జరిమానా అన్నా, ఎదురు మాంసం పెట్టడం!" అంది. ఇస్మానాలి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. గుర్రం మిగిలిందని వాడి సంబరం. "అడుగుతా బైకే, తప్పకుండా అడుగుతా," అని అక్సకల్ చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాడు.

మొదటి మంచు పడ్డాక నా మోసిన్‌తో పెద్ద పోతును కొట్టాను. కొండ దిగుతుంటేనే కేకలు మొదలయ్యాయి. "షిరాల్గా! షిరాల్గా, తొలొముష్!" వెనక తొడలు బర్చగుల్‌కూ, అక్సకల్ కోడలికీ పోయాయి. పక్కటెముకలు, మెడ, భుజాలు, కాలేయం, అన్నీ పోయాయి. కోసి ఇస్తుంటే నా చేతులు నెత్తురుతో వెచ్చగా ఉన్నాయి, కడుపు నిండిపోయింది. ఊళ్లోవాళ్లు వాటాలు పట్టుకుని నా వెనకే నడిచొస్తున్నారు, ఏం జరుగుతుందో చూద్దామని.

కొట్టు ముందు దారి మధ్యలో ఇస్మానాలి నిలబడి ఉన్నాడు. వాడు నా కుక్క గురించి కూసిన చోటే.

గుర్రం ఆపాను. వాడు గొంతు సవరించుకున్నాడు. "షిరాల్గా, బైకే."

"వినబడలేదు. చూపే కాదు, చెవులూ పోయాయి నాకు."

"షిరాల్గా!" అని అరిచాడు.

నేను దిగి, జీనుకు కట్టిన సంచి విప్పాను. రెండు ఊపిరితిత్తులూ తీసి, వాడి రెండు చేతుల్లో పెట్టాను. ఇంకా ఆవిరి వస్తోంది వాటినుంచి.

ఎవ్వరూ నవ్వలేదు. అవి ఎవరి వాటానో అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. వాడు అక్సకల్ వైపు చూశాడు. అక్సకల్, "అడిగావు, ఇచ్చాడు," అన్నాడు. వద్దనడానికి వీల్లేదు.

"జెబె లేదు కదా," అన్నాను. "దాని వాటా ఇక నీదే. నేను వేటకు పోయిన ప్రతిసారీ."

వాడు వాటిని ఒంటికి తగలకుండా ముందుకు చాచి పట్టుకుని, నెత్తురు కారుతుంటే, ఊరు పొడుగునా ఇంటికి నడిచి వెళ్లాడు. ఊళ్లో కుక్కలన్నీ వాడి వెనకే వెళ్లాయి.