దీపధారి పక్షం

ఆదివారం సాయంత్రంతో 'నల్లకోట' ఆట మూతపడుతుందని తెలిసిన రోజే సంపత్ పాత జట్టుకు ఫోన్లు చేశాడు.

జట్టంటే ముగ్గురే. సంపత్ శ్రీరాంపూర్‌లో గని ఉద్యోగి. ఖైజర్ సొంతూరు గోదావరిఖనిలోనే మెకానిక్. కెరోలిన్ గోలేటిలో లెక్కల టీచర్. కాలేజీ రోజుల్లో ముగ్గురూ గోదావరిఖనిలోని ఇస్మాయిల్ భాయ్ నెట్ సెంటర్‌లో పక్కపక్కన కూర్చుని ఈ ఆట ఆడేవాళ్లు. ఇప్పుడది మొబైల్ రిపేరు షాపు. వెనక గదిలోని పాత కంప్యూటర్లను మాత్రం భాయ్ పారేయలేదు.

ఆదివారం ఆ గదిలో అడుగు పెట్టగానే కెరోలిన్‌కు ఆనాటి వాసన తగిలింది. వేడెక్కిన ప్లాస్టిక్, అల్లం చాయ్. కిటికీ చువ్వల మీద బొగ్గు దుమ్ము. ఆ దుమ్ము చేరి కీబోర్డు మీటలు బిగుసుకుంటే ఖైజర్ దాన్ని బోర్లించి వీపు మీద చరిచేవాడు. మొదటి షిఫ్టు వాళ్లు బస్సుల్లో ఇళ్లకు పోయే వేళకు, వాళ్ల పిల్లలు ఇక్కడ కోటను ముట్టడిస్తూ ఉండేవాళ్లు.

ఆట తేలికే. ఏ జట్టులో ఒక్కరైనా ముందుగా కోట గుమ్మం దాటితే ఆ జట్టుదే గెలుపు. ఇవాళ కూడా ఎదుటి జట్టు జ్యోతినగర్ జగదీశ్వర్‌ది. వాళ్లను సంపత్ ఏనాడూ ఓడించలేదు.

"కెరోలిన్, ఇయ్యాల నువ్వు విల్లు పట్టాలె," అన్నాడు సంపత్.

"నేను దీపధారినే."

"గదే వద్దంటున్న. ఆట రానోళ్లు తీసుకునే పాత్ర అది."

దీపధారికి కత్తి లేదు, విల్లు లేదు. పడిపోయిన వాడి పక్కన దీపం పట్టుకుని నిలబడితే వాడు మళ్లీ లేస్తాడు. ఆ పాత్రను అందరూ ఎగతాళి చేసేవాళ్లే. కెరోలిన్ మాత్రం మొదటి రోజు నుంచీ దాన్ని వదల్లేదు. ఆమె తండ్రి తీతు, గని లాంపు రూములో పనిచేసేవాడు. దిగే ప్రతి మనిషికీ ఒక టోపీ దీపం ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని దాని గూట్లో పెట్టడం ఆయన పని. షిఫ్టు అయ్యాక ఒక గూడు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. వెతకడానికి మళ్లీ దిగాల్సిందే.

"ఎన్నిసార్లు లేపిన నిన్ను?" అంది కెరోలిన్.

"లేపినవ్, ఓడగొట్టినవ్ గూడ. టౌన్ ఫైనల్ల గుమ్మం ముంగట నిలబడి ఎనుకకు ఉరికినవ్. ఒక్క అడుగేస్తే కప్పు మనదుండె."

"నువ్వు పడి ఉంటివి."

"పడ్డది బొమ్మ, కెరోలిన్. నేను కుర్చీలనే ఉన్న."

ఖైజర్ చాయ్ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాడు. "అన్నా, అప్పటి లొల్లి ఇంకా ఒడవలేదా?"

"నవ్వకు. రేపటి నుంచి ఈ ఆటే ఉండదు. ఎనుకకు మర్లనని మాటియ్యి, కెరోలిన్. అప్పుడు ఏ పాత్రన్న తీసుకో."

"మాటియ్యను." కెరోలిన్ కుర్చీలోంచి లేచింది. "విల్లు పట్టేటోళ్లను పిలుచుకో. నేను పోత."

ఆమె గొంతులో కోపం లేదు. కానీ బ్యాగు భుజానికెక్కింది.

ఇస్మాయిల్ భాయ్ గది గుమ్మంలోంచి లోపలికి తల పెట్టాడు. "సంపత్, నువ్వు పడకుండ ఆడు, అయిపాయె. ఆమె ఎందుకు ఎనుకకొస్తది? కూసో బేటీ."

తెర మీద నగారా మోగింది. ఇక వాదించే సమయం లేదు. కెరోలిన్ కూర్చుని దీపం తీసుకుంది.

తొలి దెబ్బలోనే జగదీశ్వర్ జట్టులో ఒకడు వెనక్కి తగ్గాడు. సంపత్ కత్తి దూసి వంతెన దాటాడు. వెనకే వస్తున్న ఖైజర్‌కు బాణం తగిలింది. పడ్డాడు.

"ఖైజర్ దగ్గర నేనున్న. నువ్వు పో," అంది కెరోలిన్.

సంపత్ గుమ్మం ముందుకొచ్చాడు. తలుపులు తెరిచే ఉన్నాయి. కాపలా లేదు. తెర మూలన కెరోలిన్ దీపం చుట్టూ ఇద్దరు విలుకాళ్లు. ఆమె కదలడం లేదు.

సంపత్ వేలు మీట మీదే ఆగిపోయింది.

తన చిన్నప్పుడు ఒకరోజు నాన్న కొమురెల్లి డ్యూటీ నుంచి రాలేదు. గనిలో కాలు మడతపడి, కేకేసినా వినపడని చోట కూలబడ్డాడు. తీతు ఖాళీ గూడు చూసి గోల చేశాడు. స్నానాలు చేసి బస్సెక్కిన మనుషులు దిగి, మళ్లీ గనిలోకి పోయారు. నాన్న వాళ్ల భుజాల మీద పైకొచ్చాడు. వాళ్లలో ఒక్కరూ చుట్టం కాదు.

సంపత్ వెనక్కి తిరిగాడు.

"అన్నా, ఏంది? లోపలికి పో," అన్నాడు ఖైజర్.

సంపత్ వినలేదు. వంతెన మీదికొచ్చి ఒక విలుకాడిని నరికాడు, రెండోవాడికి అడ్డం నిలబడ్డాడు. ఖైజర్ లేచాడు. ముగ్గురూ కలిసి గుమ్మం వైపు పరుగెత్తారు. వాళ్లు చేరేలోపే, అప్పటిదాకా చెట్ల చాటున ఉన్న జగదీశ్వర్ గుమ్మం దాటాడు.

ఓడిపోయారు.

తెర కింద జగదీశ్వర్ రాసిన మాట మెరిసింది: "గుమ్మం కాడికి వచ్చి మర్లినవ్, మజాక్ చేస్తున్నవా?"

"మావోళ్లు వంతెన మీదుండిరి," అని కొట్టాడు సంపత్.

కెరోలిన్ అతని వైపు చూసింది. "ఇయ్యాల తిట్టవా?"

"ఎవలను తిట్టాలె? నేనే గదా మర్లింది."

"ఇంకో ఆటకు టైముంది," అన్నాడు ఖైజర్. "జల్ది పాత్రలు ఎంచుకోండ్రి."

సంపత్ కత్తివీరుడిని దాటించాడు, విలుకాడిని దాటించాడు. దీపధారి మీద నొక్కాడు.

ఖైజర్ అతని తెరలోకి తొంగి చూశాడు. "ఇద్దరూ దీపాలేనా? మరి కొట్టేదెవలు?"

"నువ్వే."

"నన్ను సంపుదామనుకుంటున్నరా?"

"ఫికర్ చెయ్యకు," అంది కెరోలిన్, మీటల మీద వేళ్లు సర్దుకుంటూ. "పడ్డప్పుడల్లా లేపుతం."