నిమ్మరసం పడిన బకెట్

బేతంచెర్లలో పాలిష్ మిషన్ల కింద పారే నాపరాతి బురదను ఊరికే ఇస్తామన్నా ఎవరూ పట్టుకుపోరు. దాంతో బట్టీ లేకుండా నేలకు పరిచే పలకలు చేస్తానని పట్టుబట్టినవాడు శివప్రసాద్ ఒక్కడే. బురదలో ఇటుకపొడి కలిపి, సబ్బుల తయారీలో వాడే సిలికేట్ ద్రవం పోసి, అచ్చుల్లో ఎండబెట్టేవాడు. రాయలసీమలో కరువు లేనిది ఎండకొక్కదానికే కదా!

కొత్త బకెట్ కలిపినప్పుడల్లా భార్య నాగరత్నమ్మ నిమ్మకాయ తిప్పి దిష్టి తీసేది. 2005 వేసవిలో ఎర్రగుంట్ల నుంచి బేరగాళ్లు వచ్చిన రోజు, ఆమె పిండిన కాయ రసం బకెట్‌లో పడింది. అచ్చుల్లో పోయకముందే ముద్దంతా జున్నులా గడ్డకట్టింది.

"నీ చెయ్యి పడితే పాలైనా ఇరుగుతాయి!" అన్నాడు శివప్రసాద్, నలుగురి ముందర.

ఆమె ఆ పూటే రాయచోటి బస్సెక్కి పుట్టింటికి పోయింది. అతను ఆ బకెట్‌ను షెడ్డు వెనక బోర్లించాడు.

నాలుగు నెలలు తనే వండుకున్నాడు, సగం రోజులు ఉప్పు మరిచాడు. బకెట్ కలపగానే తలెత్తి వాకిలి వైపు చూసేవాడు. ఆమె లేదని గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమనేది. ఫోన్ చేద్దామంటే ఏమని మొదలుపెట్టాలో తోచేది కాదు.

వినాయక చవితి దాటాక పెద్ద వాన పడింది. తెల్లారి చూస్తే, ఎండలో ఖంగున మోగిన పలకలన్నీ కరిగి మళ్లీ బురదయ్యాయి. షెడ్డు వెనక ముద్ద మాత్రం బకెట్ ఆకారంలో చెక్కుచెదరకుండా ఉంది. సుత్తితో కొడితే అంచు ముక్క ఒక్కటే లేచింది. పులుపు తగిలినందుకే సిలికేట్ అంత గట్టిగా పట్టిందని అప్పుడర్థమైంది. సంతోషం రావలసిన చోట ఏడుపొచ్చింది.

మరునాడే ఆ ముక్క పట్టుకుని రాయచోటిలో అత్తవారింటి ముందు నిలబడ్డాడు. నాగరత్నమ్మ దాని మీద చెంబుతో నీళ్లు పోసి, గోటితో గీకి చూసింది.

"గట్టిగానే ఉండాదే."

"నీ నిమ్మకాయ చలవే. నలుగురి ముందర అంత మాట అంటి. తప్పు నాదే."

"రసం ఎంత పడిందో కనుక్కునేదానికి వచ్చినారా? సగం చెక్క పిండితి. దీనికి ఇంత దూరం ఎందుకు, ఫోన్ చేసింటే చెప్పేదాన్ని."

శివప్రసాద్ జేబులోంచి నిమ్మకాయ తీశాడు.

"రసం నేను పిండుకుంటాలే రత్నా. ఎవురి దిష్టి వాళ్లు తీసుకోగూడదు గదా. నాకు ఎవురు తీస్తారు?"

ఆమె కాయను తీసుకుని నొక్కి చూసింది.

"ఇది ఎండిపోయిండాది. బస్టాండు కాడ ఇంకోటి కొందాం పదండి," అని చెప్పులేసుకుంది.