ఒక్క చుక్క

బ్యూరెట్‌ను మూడోసారి కడిగి, క్షారం నింపి, వెలుతురుకేసి చూసి స్టాండుకు బిగించాడు ల్యాబ్ అటెండర్. లోపల బుడగ లేదు. ఎదురుగా, రబ్బరు బ్యాండుతో ఇనుప కడ్డీకి కట్టిన కూతురి ఫోన్. డిపార్ట్‌మెంటుకు కొంటామన్న కెమెరా ఇవాళా రేపూ అంటూ రానే లేదు.

“నాలుగింటికి నా క్లాసుంది నాన్నా, ఆలోగా తెచ్చెయ్,” అని వీధి గుమ్మం దాకా వెంటపడి చెప్పింది కూతురు.

యూనివర్సిటీ చదువు ఆన్‌లైన్‌కు మారి ఏడు నెలలు. పాఠాలు ఎలాగో నెట్టుకొస్తున్నారు కానీ ప్రయోగాల దగ్గర బండి మొరాయించింది. అందుకే ఈ ఏర్పాటు. ల్యాబులో అతను ప్రయోగం చేస్తాడు, పాఠం చెప్పే కెమిస్ట్రీ మేడం ఇంటి నుంచి వివరిస్తుంది, అరవై మంది పిల్లలు తెరమీద చూస్తారు. ఇవాళ డీన్ కూడా చూస్తాడు. ఆయనకు నచ్చితే ల్యాబు ఉంటుంది. నచ్చకపోతే కంప్యూటరు బొమ్మల ప్రయోగాలు కొని దీనికి తాళం వేస్తారు. ఇరవై రెండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగిగానే ఉన్న మనిషికి దాని అర్థం ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫ్లాస్కు కింద తెల్ల పింగాణీ పలక పెట్టాడు. దాని మూల విరగ్గొట్టింది ఈ మేడమే, ఇక్కడ మొదటి సంవత్సరం చదివేటప్పుడు. ఆ తెలుపు మీదే రంగు తెలుస్తుంది. సూచిక ద్రవం కలిపినా నీళ్లలాగే ఉన్న ఆమ్లం, చివరికి ఒకే ఒక్క చుక్క క్షారానికి లేత గులాబీ అవుతుంది. అక్కడే చెయ్యి ఆగాలి. ముదిరిందంటే కొలత తప్పినట్టే. బల్లల మధ్య తిరుగుతూ ఎన్ని బ్యాచ్‌ల పిల్లల చెవుల్లో ఈ మాట ఊదాడో లెక్కలేదు.

రెండింటికి క్లాసు మొదలైంది. తెరమీద అతని చేతులే. కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పుతూ, ఎడమచేత్తో బ్యూరెట్ మర కొద్దికొద్దిగా వదిలాడు. చుక్క. ఇంకో చుక్క. లేత గులాబీ వచ్చింది. టక్కున మర కట్టేశాడు. పద్నాలుగు పాయింట్ రెండు మిల్లీలీటర్లు.

“రంగేం రాలేదు మేడం,” అన్నాడొక విద్యార్థి.

“మాకూ నీళ్లలాగే ఉంది.”

ఫ్లాస్కును ఫోన్ దగ్గరకు జరిపాడు. లైటు వేశాడు, తీశాడు. ఆ పాత ఫోనుకు ఆ రంగు పట్టుబడలేదు.

“ఏం చూడమంటారు నన్ను?” డీన్ గొంతు.

“అన్నా, ఇంకాస్త వెయ్యండి. ప్లీజ్,” అని బతిమాలింది మేడం.

ఆరు చుక్కలు వేశాడు. ఫ్లాస్కు ముదురు గులాబీ అయిపోయింది. తెరమీద చప్పట్ల బొమ్మలు పొలోమని లేచాయి.

“ఇదీ! ఇలా ఉండాలి,” అన్నాడు డీన్.

“పద్నాలుగు పాయింట్ ఐదు. రాసుకోండి,” అంది మేడం.

క్లాసులో ఏనాడూ గొంతెత్తని మనిషి గొంతెత్తాడు. “రాయకండి బాబూ. తప్పది. పాయింట్ రెండు దగ్గరే అయిపోయింది. మీకు కనబడాలని ఎక్కువ పోశాను.”

“అంటే సరైంది కనబడదు, కనబడేది సరైంది కాదు. ఇక దీనికి ల్యాబెందుకు?” అని డీన్ తెరమీంచి వెళ్లిపోయాడు.

క్లాసు ముగిశాక మేడం అతని బటన్ల ఫోనుకు చేసింది. “ఊరుకుంటే ఏం పోయేదన్నా?”

“పిల్లలు అదే రంగు నేర్చుకునేవాళ్లమ్మా.”

“ల్యాబు తాళాలు... ఆఫీసులో ఇచ్చెయ్యమంటున్నారు,” అంది మేడం.

“అలాగేనమ్మా.”

గడియారం చూస్తే మూడుంబావు. కూతురి ఫోన్ విప్పి జేబులో వేసుకున్నాడు. తాళాలు తీసుకుని గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు. ఫ్లాస్కు కడిగి, కొత్తగా ఆమ్లం కొలిచి పోసి, సూచిక కలిపి, ప్రయోగం మొదటి నుంచి చేశాడు. ఈసారి ఆ ఒక్క చుక్క దగ్గర ఆపాడు.

ఆఫీసులో తాళాలు ఇచ్చి, సంతకం పెట్టి, కూతురి క్లాసుకు ఆలస్యమవుతుందని గబగబా రోడ్డెక్కాడు.

తాళం పడిన గదిలో, మూల విరిగిన తెల్ల పలక మీద, ఫ్లాస్కులో లేత గులాబీ కిటికీ వెలుతురుకు స్పష్టంగా కనబడుతోంది.